కొండదారులలో చక్రముల యిల్లు
(వార్షిక మహాసభలో చదువబడిన యుపన్యాసము)



ఈ యుపన్యాసమును భార్యాభర్తలమగు మేమిరువురము కలసి వ్రాసితిమి. చదువుట మాలో ఆమె వంతు. కావున ‘మేము’ అని వినవచ్చినచో నది గౌరవార్థమైన బహువచనము కాదనియు, నిజముగనే ఇద్దఱమనియు గ్రహింప ప్రార్థన. ఒక్కొకచోట ‘మాలో ఆయన’ యనియు ‘మాలో ఆమె’ యనియు విడదీసి చెప్పవలసివచ్చును.

కార్యనిర్వాహకవర్గమువారు మాకొసంగిన విషయము ‘అమెరికాలో మన వృద్ధుల జీవనము’ అనునది. అది మిక్కిలి విరివియైన విషయము. మన వృద్ధులందఱి సంగతి చెప్పుటకు మాకు శక్తి లేదు; మా వృద్ధాప్యము సంగతి మాత్రము కొంత తెలియును. అందును 2021వ సంవత్సరము మొదలు 2024 వఱకు నాలుగు వేసవులు ఆ దేశపు పడమటి భాగమున, రాకీ పర్వతములలో, ఒక మోటారిల్లు తోలుకొనుచు సంచరించిన కాలమునుగూర్చియే విన్నవించెదము.

‘ఇల్లమ్ముకొని బండిలో కాపురము పెట్టిరట’ అని మన బంధువులు రెండు ఖండములలోను చెప్పుకొనిన మాట మా చెవినిబడినది. ఇల్లు అమ్మిన మాట నిజము. బండిలో కాపురమున్న మాటయు నిజము. బిడ్డలు వెళ్ళగొట్టిరన్న మాట మాత్రము నిజము కాదు.

మేము 1984లో ఆ దేశము చేరితిమి. ఒహాయో రాష్ట్రమున మాలో ఆయన యొక కర్మాగారమున ఇంజనీరు. మాలో ఆమె యొక వైద్యశాలలో రక్తపరీక్షలు చేయు నుద్యోగిని, అందును హెచ్చు భాగము రాత్రివేళ పని. ఒకరు వచ్చు వేళకు మఱియొకరు పోవు వేళ. పిల్లల చదువులు, ఇంటి యప్పు, ఊరినుండి వచ్చిన పెద్దల సేవ, ఇట్లు ముప్పదియైదేండ్లు గడచెను. 2019లో నిద్దఱమును ఉద్యోగములు విరమించితిమి. అప్పుడు తెలిసినది: నాలుగు పడకగదుల యింటిలో, మేడమీద టెలివిజనుతో నొకరును, క్రింద టెలిఫోనుతో నొకరును, భోజనమునకు మాత్రము కలిసికొను నిద్దఱు మర్యాదస్థులమని. తగవులు లేవు. తగవుపడుటకైనను కొంత పరిచయ ముండవలెను గదా! మఱుసటి యేట కరోనా వచ్చి తలుపులు మూసినది. ఆ యేడాది ముగియుసరికి, ఈ యింట నిట్లే ముసలితనము గడపుటకు వీలులేదని యిరువురమును వేర్వేరుగ ననుకొని, ఒకనాడు కాఫీ త్రాగుచు పైకి చెప్పుకొంటిమి.

మిత్రులు కొందఱు వేళాకోళముగ ‘వానప్రస్థమా?’ యనిరి. ధర్మశాస్త్రకారుడు తల నెఱసి, కొడుకునకు కొడుకు పుట్టిన గృహస్థుని అడవికి పొమ్మనుచు, భార్యను కొడుకులకప్పగించి యైనను, వెంటబెట్టుకొని యైనను వెళ్ళవచ్చునని సెలవిచ్చెను. అది విని మాలో ఆమె ‘అప్పగించుటకు నేనేమి యిత్తడిబిందెనా?’ అనెను. శాస్త్రవిచార మంతటితో ముగిసెను.

ఇక మోటారిల్లనగా నేమియో చెప్పవలెను. ఆ దేశస్థులు దీనిని ఆర్.వి. అందురు. లారీ చట్రముపై గట్టిన చిన్న యిల్లది. ఇందు మూడు తరగతులు. ‘ఏ’ తరగతిది బస్సువలె నుండును. ‘బి’ తరగతిది వ్యానులో నిమిడియుండును. ‘సి’ తరగతి యీ రెంటికి నడుమ. తోలువాని నెత్తిమీద నొక మంచమును మోయుచుండును. మాది ‘సి’ తరగతి, ఫోర్డు చట్రము, 24 అడుగుల పొడవు. కొనునప్పటికే ఆరేండ్ల పాతది. లోపల వెనుకభాగమున పడక, నడుమ పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, ఇద్దఱు కూర్చుండి భోజనము చేయు బల్ల, మనిషి తిరిగిన గోడలు తగులు స్నానపుగది. అడుగున మూడు తొట్లు: మంచినీటి దొకటి, వంటయు స్నానమును చేసిన నీళ్ళదొకటి, మరుగుదొడ్డిది వేఱొకటి. గ్యాలను పెట్రోలుకు తొమ్మిది మైళ్ళు నడచిన దినము మాకు పండుగ.

ఇల్లు లేనివారికి విలాసమెట్లని మీరడుగుదురు. దక్షిణ డకోటా, టెక్సాసు, ఫ్లోరిడా రాష్ట్రములలో రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. సంచారులు తఱచుగ వానిలో నొకదానిని తమ నివాసముగ వ్రాయించుకొని, ఉత్తరములను చేరవేయు నొక సంస్థకు రుసుము కట్టుదురు. మేమును దక్షిణ డకోటాలో నట్లే చేసితిమి. వైద్యమునకు 65 ఏండ్లు నిండినవారికి మెడికేరు కలదు. అందును ప్రభుత్వము నేరుగ నడపు పాత పద్ధతిదైనచో ఏ రాష్ట్రమునైనను, దానిని గైకొను వైద్యులందఱి యొద్దను చెల్లును. ప్రైవేటు కంపెనీలు నడపు పద్ధతిదైనచో వారి పట్టికలోని వైద్యులయొద్దనే హెచ్చుగ చెల్లును. తిరుగువారికి మొదటిదే మేలు. జాతీయవనములలో ప్రవేశించుటకు, 62 ఏండ్లు నిండిన పౌరులకును శాశ్వతనివాసులకును జీవితాంతము చెల్లు టిక్కెట్టొకటి యిత్తురు. 2017 ఆగష్టు 28వ తేది వఱకు దాని వెల 10 డాలర్లు, ఆనాటి నుండి 80. మాలో ఆయన ఆ తేదికి ముందే కొని జేబులో దాచియుంచెను. అది యున్నచో ప్రభుత్వపు విడిది స్థలములు పెక్కింట సగము రుసుమే.

ఇక కొండలు. మన వారికి కొండ యనగా తిరుమల కొండ. దాని యెత్తు సుమారు 2,800 అడుగులు. కొలరాడోలో లెడ్‌విల్ అను నొక పట్టణము 10,100 అడుగులకు పైని యున్నది. అనగా తిరుమల కొండలవంటివి మూడున్నర యొకదానిపై నొకటి పేర్చి, వాని నెత్తిన బడి, గుడి, అంగడివీధి పెట్టి కాపురముండుట. డెన్వరు నుండి పడమటికి పోవు పెద్దబాట 11,000 అడుగులకు మించిన యెత్తున, ఐసన్‌హోవరు పేరిటి సొరంగముగుండ కొండను దాటును. 1973లో నొక గొట్టమును, 1979లో రెండవదానిని తెఱచిరి. మొదట మేము దానినుండి వెలువడి క్రిందికి దిగు దారిని చూచినపుడు, తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాటురోడ్డుపై బస్సులో కన్నులు మూసికొని దిగిన బాల్యము జ్ఞప్తికి వచ్చినది.

ఎక్కుట కష్టమనుకొందురు. దిగుటయే కష్టము. ఎక్కునపుడు బండి మెల్లగ మూలుగును, అంతే. వేయి అడుగులకు నూటికి మూడుపాళ్ళ చొప్పున ఇంజను బలము గాలి పలుచనగుటచే తగ్గును. పదివేల అడుగుల యెత్తున ముప్పది పాళ్ళు పోయినట్లే. కుడిప్రక్కకు జరిగి లారీలతో గలసి ప్రాకవలెను. దిగునపుడు అయిదు టన్నులకు మించిన యిల్లు వెనుకనుండి నెట్టును. బ్రేకును అదేపనిగ త్రొక్కిన అది వేడెక్కి పట్టు విడుచును. కావున నెక్కిన గేరులోనే దిగవలెనని పాత లారీవారి సూత్రము. ఇంజనుచేతనే బండిని పట్టియుంచి, బ్రేకును ఒకసారి గట్టిగ నొక్కి, విడిచి, చల్లారనిచ్చి, మరల నొక్కవలెను. బ్రేకులు పోయిన లారీలకొఱకు దారి ప్రక్కన ఇసుకయు గులకఱాళ్ళును పోసి, మీదికెక్కు చీలికబాటలు వేసియుంచినారు. వానిని చూచిన ప్రతిసారియు మాలో ఆమె గోవిందనామము చెప్పుకొనెడిది.

వంట సంగతి స్త్రీలకు ప్రత్యేకముగ చెప్పవలెను. ఆ మాటకు వచ్చిన పురుషులకును. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే కాగును. లెడ్‌విల్ వంటిచోట సుమారు 90 డిగ్రీలకే తెర్లును. అనగా కందిపప్పును మూతలేని గిన్నెలో పెట్టి సాయంకాలము వఱకు కూర్చున్నను పలుకుగనే యుండును. ప్రెషరు కుక్కరు లేనిదే మన భోజనము లేదు. సముద్రమట్టమున కట్టిన చేగోడీల పొట్లము బూరెవలె నుబ్బి, ఒకనాటి రాత్రి అలమరలో ప్రేలి మమ్ము గుండెలదరునట్లు లేపినది. యెల్లోస్టోను వనములో ఫిషింగ్ బ్రిడ్జి యనుచోట ఎలుగుబంట్ల సంచారము హెచ్చగుటచే గట్టిగోడలుగల బండ్లకే విడిది యిత్తురు. గుడ్డగుడారములకు సెలవు లేదు. అచ్చట ఇంగువ తాలింపు వేయునపుడు కిటికీలు మూసితిమి. మా పులిహోర వాసనకు వచ్చినది మాత్రము ఎలుగుబంటి గాదు, ప్రక్కబండిలోని ముసలి దంపతులు.

ఆ వనములోనే, క్రెయిగ్ కనుమమీద, 8,262 అడుగుల యెత్తున, ఐసా యను చిన్న మడుగున్నది. మీద కలువజాతి యాకులు తేలుచుండును. రోడ్డు దానినానుకొనియే పోవును. దాని నీరు రెండు వైపుల పాఱి, ఒక పాయ తుదకు మెక్సికో సింధుశాఖను, ఒక పాయ పసిఫిక్ మహాసముద్రమును చేరును. వింత యేమనగా, తూర్పు కొసనుండి బయలుదేరినది వంకరలు తిరిగి పడమటి సముద్రమునకును, పడమటి కొసనుండి బయలుదేరినది తూర్పువైపునకును పోవును. మన గోదావరి పుట్టిన త్ర్యంబకము చెంత సహ్యాద్రిపై కురియు వానలో కొంత పడమటికి జాఱి అరేబియా సముద్రమున గలయును, కొంత మన రాజమహేంద్రవరము ముందునుండి పాఱును. ఈ సంగతి మేము ప్రక్క ప్రయాణికులకు చెప్పితిమి. వారికి గోదావరి తెలియదు, వినియు సంతోషించిరి.

విడిది స్థలములలోని మర్యాదయొకటి యీ సభవారికి నచ్చునో నచ్చదో చెప్పలేము. అచ్చట కొత్తవారు ఎదురైనపుడు అడుగు మొదటి ప్రశ్న కులము గాదు, ఉద్యోగము గాదు, జీతము గాదు. ‘మీ బండి యెన్ని అడుగులు?’ అని. ఇరువదినాలుగని చెప్పితిమేని, ‘ఓ, చిన్నదే’ యని జాలిగ తల యూపి, గోత్రము తెలిసినవారివలె తృప్తిపడుదురు. నలువదడుగులవారిదొక శాఖ, ఇరువదివారిదొక శాఖ. మనుష్యుడు ఎచ్చటికి పోయినను శాఖలు పెట్టుకొనకుండ నుండలేడని మాకు తోచినది.

ఇక మూడవ తొట్టి. ఈ మాట యీ వేదికపై చెప్పవలెనా వలదా యని మాలో మేము రెండుదినములు వాదించుకొంటిమి. చెప్పవలెననియే ఆమె తీర్పు. మరుగుదొడ్డి తొట్టి నాలుగైదు దినములకొకమాఱు నిండును. దానిని ఖాళీచేయుటకు ప్రత్యేకస్థలము లుండును. చేతులకు తొడుగులు వేసికొని, మూడంగుళముల గొట్టము తగిలించి, మొదట మలపుతొట్టి మీటను, అది ఖాళీయైన పిమ్మట స్నానపునీటి తొట్టి మీటను తీయవలెను. రెండవ నీటితో గొట్టము కడిగికొనిపోవును. ఈ పనికి అక్కడ నౌకరు లేడు. డబ్బుగలవాడైనను లేనివాడైనను బండి దిగి తానే చేయవలెను. మా వరుసలో నొకనాడు మా ముందు నిలిచినది విశ్రాంత న్యాయమూర్తి. మా వెనుక నిలిచినది లారీ తోలి విశ్రమించిన వాడు.

మా తాతగారి యింట ఆ పనికి పెరటివైపున వేఱు వాకిలి యుండెడిది. తెల్లవాఱకముందే యొక స్త్రీ ఆ వాకిటి నుండి వచ్చి పోయెడిది. ఇరువదియేండ్లు వచ్చిన యా మనిషి పేరు మా యింటిలో నెవ్వరికిని తెలియదు. 1993లో నొక చట్టమును, 2013లో మఱియొక చట్టమును చేసి దేశము మనుష్యులచే ఆ పని చేయించుటను నిషేధించినది. అయినను మురుగుగుంతలలో దిగి ప్రాణములు విడిచినవారి వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచునే యున్నవి. వారే కులములవారో మనమెఱుగుదుము. కులముపేర నేర్పడిన యీ సంఘమున ఈ మాట చెప్పుకొనకున్న మఱెచ్చట చెప్పుకొందుము? మేమా తొట్టిని కడిగి గొప్పవారమైతిమని చెప్పుట లేదు. తొడుగులు వేసికొని పది నిమిషములలో ముగించి, సబ్బుతో చేతులు కడిగికొని కాఫీ పెట్టుకొనుట వేఱు. బ్రతుకెల్ల దానిలోనే గడపుట వేఱు. కాని యది మొదటిసారి చేసిన దినమున మాకిద్దఱికిని ఆ పేరు తెలియని మనిషి జ్ఞప్తికి వచ్చెను. ఒకరితో నొకరము చెప్పుకొనినది మాత్రము ఆరునెలల తరువాత.

2022 జూనులో యెల్లోస్టోను నదులు పొంగి, 13వ తేదిని వనద్వారములన్నియు మూసిరి. అదే నెలలో పెట్రోలు సగటున గ్యాలను అయిదు డాలర్లు దాటెను. తిరుగుట మాని, వయోమింగులోని యొక ప్రభుత్వారణ్యమున విడిది కాపరులుగ ఆ వేసవిలో కొంత కాలముంటిమి. కాపరులకు జీతము లేదు, బండి నిలుపుకొను తావు ఉచితము. వచ్చిన వారికి స్థలము చూపుట, నిప్పుగుంతలలో బూడిద నెత్తుట, మరుగుదొడ్లు కడుగుట విధులు. ఉద్యోగము విరమించిన దంపతులు వేలకొలది యీ పని చేయుచున్నారు. దీనిని గూర్చి మా కుమారుడు మొదట విని రెండు నిమిషములు మాటాడలేదు.

బండి కొన్నపుడే మాలో మేమొక యొప్పందము చేసికొంటిమి. ప్రతి మూడవ దినము ఆమె బండి తోలవలెను. ప్రతి మూడవ దినము ఆయన వంట చేయవలెను. ఒప్పందము కోరినది ఆమె. ‘నేనున్నాను గదా, నీకెందులకీ శ్రమ?’ యని ఆయన యనగా, ‘మీరు లేనినాడు?’ అని ఆమె యడిగెను. మన యిండ్లలో నడుగరాని ప్రశ్న యది. అశుభమని నోరు మూయుదురు. మూతబడిన యొక దుకాణము ముందటి విశాలమైన ఖాళీస్థలములో, 2021 మార్చిలో, ఆమె మూడువారములు ఆ 24 అడుగుల యింటిని ముందుకు, వెనుకకు, అద్దములలో చూచుచు, రబ్బరు గుఱుతుల నడుమ త్రిప్పి నేర్చుకొనెను. అప్పుడామెకు 64 ఏండ్లు. ఆయన ఆ మూడువారములలో చారు పెట్టుట నేర్చుకొనెను. రెండింటిలో ఏది కష్టమైనదో నేటికిని తేలలేదు.

బయలుదేరుటకు ముందు చేయవలసిన పనులు పదునేడు. గ్యాసు మూయుట, కరెంటుతీగ తీయుట, నీటిగొట్టము చుట్టుట, చక్రముల క్రింది దిమ్మెలు తీయుట, మెట్టు మడచుట, అలమరలకు గొళ్ళెములు పెట్టుట, ఇత్యాదులు. వీనిని కాగితముపై వ్రాసి తలుపు లోపల నంటించితిమి. ఒకరు చదువగా నొకరు చేయుట నియమము. వారమునకొకసారి చదువువారు, చేయువారు మాఱవలెను.

2023 జులైలో మేము ఆస్పెన్ వైపునుండి 12,095 అడుగుల యిండిపెండెన్సు కనుమను దాటి, ట్విన్ లేక్స్ అను జంటచెఱువుల యొద్ద, తొమ్మిదివేల అడుగులకు పైని విడిసితిమి. మాలో ఆయనకు రెండుదినములుగ జలుబు. రెండవ రాత్రి పొడిదగ్గు ఆరంభమై, అర్ధరాత్రికి కూర్చున్నను ఊపిరి యందకుండెను. రొమ్ములో నీళ్ళు కదలిన చప్పుడు. పెదవులు నల్లబడెను. కరోనా దినములలో కొన్న వ్రేలి యంత్రము మా యొద్ద నుండెను. ఆ యెత్తున తొంబదికి దాపుగ నుండవలసిన యంకె డెబ్బదిరెండు చూపెను. టెలిఫోనునకు సంకేతము లేదు. ప్రక్క బండ్లవారు ఆ సాయంకాలమే వెళ్ళిపోయిరి.

వైద్యశాలలు రెండు వైపుల నున్నవి. ఉత్తరముగ లెడ్‌విల్, సుమారు ఇరువది మైళ్ళు. కాని యది ఇంకను వేయి అడుగులు పైకి. దక్షిణముగ ఆర్కన్సా నది వెంట సలైడా, సుమారు నలువదియైదు మైళ్ళు. కాని యది రెండువేల అడుగులు క్రిందికి. మాలో ఆమె రక్తపరీక్షల గదిలో ముప్పదియేండ్లు పనిచేసినది, వైద్యురాలు గాదు. అయినను కొండజబ్బునకు క్రిందికి దిగుటయే మొదటి మందని చదివియుండెను. దూరమైన దానినే యెన్నుకొనెను. ఆయనను ముందు కుర్చీలో దిండ్లతో కూర్చుండబెట్టి, బెల్టు బిగించి, టార్చి నోట పట్టుకొని, ఆ పదునేడు పనులను కాగితము చూడకయే ముగించెను. గొట్టము మాత్రము అక్కడనే విడిచినది. అది పదునెనిమిది డాలర్లది. ఆయన తరువాత దానిని గూర్చి యడిగినాడని కూడ ఇచ్చట వ్రాయుమని ఆమె యాజ్ఞ.

చీకటి. దారిపై లేళ్ళు, దుప్పులవంటి పెద్ద మృగములు దీపములకు కన్నులు మెఱయుచు నిలిచియుండును. గంటకు నలువది మైళ్ళు మించక తోలెను. బ్యూనవిస్టా దాటుసరికి అంకె ఎనుబదికి ఎక్కినది. తెల్లవాఱుజామున వైద్యశాల చేరితిమి. ప్రాణవాయువు పెట్టి, రెండుదినములు ఉంచుకొనిరి. క్రిందికి తెచ్చుటచేత సగము వైద్యము దారిలోనే జరిగినదని అచ్చటి డాక్టరు చెప్పెను. ‘ఎవరు తోలిరి?’ అని యడిగెను. ఆమె తన చేతులు చూపెను. మాట రాలేదట.

ఈ సంగతి మా ధైర్యసాహసములు చెప్పుకొనుటకు విన్నవించుట లేదు. మన యిండ్లలో చూడుడు. యజమాని కాలము చేసిన పదునొకండవ దినమున బ్యాంకు పుస్తకమెచ్చటనున్నదో, పొలము కాగితము లెవరి పేరనున్నవో, కరెంటు బిల్లెట్లు కట్టవలెనో తెలియక కూర్చుండు విధవలను మీరెఱుగుదురు. భార్య పోయిన నెలకే, పంచదార డబ్బా యేదో, తాను మ్రింగు మాత్ర లేవో తెలియక కోడలి ముఖము చూచు ముసలివారిని మీరెఱుగుదురు. నలువదేండ్లు కాపురముచేసి, చెఱి సగము పని మాత్రమే నేర్చుకొని, రెండవ సగమును ఎదుటివారి యొద్ద తాకట్టు పెట్టినట్లున్నది. ‘ఆమెకేమియు తెలియనీయక పువ్వులలో పెట్టి చూచుకొంటిని’ అని గొప్పగ చెప్పుకొనుచున్నాము. ఆ పువ్వుల ఋణము ఎవరు తీర్చవలసివచ్చుచున్నదో చూచుట లేదు. ఇది నేర్చుటకు మోటారిల్లు కొననక్కఱలేదు. మాకు మాత్రము దానిలోగాని తెలిసిరాలేదు. రెండువందల చదరపుటడుగులలో ఒకరు చేయుపని రెండవవారు చూడకుండుటకు తావు లేదు.

సలైడా డాక్టరు ఎనిమిదివేల అడుగులకు పైని నిద్రింపవలదని ఆయనను హెచ్చరించెను. కావున 2024లో మేము తక్కువ యెత్తు కొండలకు పోతిమి. జూను నెలలో ఐడహోలోని విక్టరు గ్రామమున నుండగా, 8వ తేదిని టీటన్ కనుమపై రోడ్డు కట్టయొకటి విఱిగి లోయలో జాఱిపోయినది. కనుమకు ఆవల జాక్సన్ పట్టణము. అది ధనికుల విహారస్థలము. అందలి హోటళ్ళలో పడకలు దులుపువారు, వంటవారు, నర్సులు అచ్చటి యద్దెలు భరింపలేక విక్టరు ప్రాంతముననే కాపురముండి, దినదినము కనుమ దాటి పనికి పోవుచుందురు. ఇరువదినాలుగు మైళ్ళ దారికి మాఱుగ, స్వాన్ వ్యాలీ, ఆల్పైన్ మీదుగ సుమారు ఎనుబదియైదు మైళ్ళు చుట్టు తిరుగవలసివచ్చెను. తెల్లవాఱు మూడుగంటలకే కార్లు బయలుదేరుట మా కిటికీనుండి చూచితిమి. మాకు విహారము, వారికి జీతము. దాపు మూడువారములలో తాత్కాలికముగ మళ్ళించిన బాట వేసి తెఱచిరి. ఇంజనీరు గావున మాలో ఆయన ఆ పనిని పొగడుటకే ఒక యుపన్యాసము వ్రాయగలడు. సభవారిపై దయచే మానుకొనెను.

అచ్చటినుండి గ్లేసియరు వనమునకు పోయితిమి. 1932లో పూర్తియైన ‘సూర్యునికడకు పోవు దారి’ యందు కొండ చఱియను చెక్కినచోటులలో 21 అడుగులకు మించిన బండికి ప్రవేశము లేదు. మాది మూడడుగులు హెచ్చు. దానిని క్రింద నిలిపి, 1930ల నాటి యెఱ్ఱ బస్సులలో, గుడ్డ పైకప్పు తీసివేయగా కంబళ్ళు కప్పుకొని, 6,646 అడుగుల లోగన్ కనుమ వఱకు పోయి వచ్చితిమి. నాలుగేండ్లలో ఇద్దఱమును ఒకేసారి కిటికీ బయటికి చూచుచు కూర్చున్న ప్రయాణ మదియొక్కటే.

ఎప్పుడు మానవలెననునది యీ జీవనములో కఠినమైన ప్రశ్న. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులు ఎస్కేపీస్ అను నొక సంచారుల సంఘమును స్థాపించిరి. దాని కేంద్రము టెక్సాసులోని లివింగ్‌స్టన్. తిరుగలేని స్థితికి వచ్చిన సభ్యులకొఱకు ఆ సంఘమువారు అచ్చట నొక యాశ్రయము నడపుచున్నారు. ముసలివారు తమ బండిలోనే, తమ పడకపైనే యుందురు; భోజనము, వైద్యునియొద్దకు తీసికొనిపోవుట, కనిపెట్టియుండుట సంఘమువారు చూతురు. ఇల్లు విడువనక్కఱలేదు, ఇల్లే వచ్చి నిలుచును. మన సంఘము విద్యార్థులకు వసతిగృహములు కట్టినది, కళ్యాణమంటపములు కట్టినది. చదువుకొన్న బిడ్డలు దేశాంతరములు పోగా మిగిలిన తల్లిదండ్రులను గూర్చి పోషకులు ఆలోచించునపుడు ఈ లివింగ్‌స్టన్ పద్ధతిని గూడ తెప్పించి చదువవలెనని మా మనవి.

మేము మా యొప్పందమున చివరి షరతుగ, ఇద్దఱిలో ఏ యొక్కరైనను రాత్రివేళ బండి తోలలేనినాడు బండి నమ్మవలెనని వ్రాసికొంటిమి. 2024 సెప్టెంబరులో ఆయన కంటిలో శుక్లము ముదిరినదని తేలెను. శస్త్రచికిత్స చేయించుకొనవచ్చును, చేయించుకొనెను కూడ. కాని యూపిరితిత్తులు, కన్ను రెండును పలికినవని, అక్టోబరులో మొంటానాలోనే బండి నమ్మితిమి. కొన్నవారు విశ్రాంతోపాధ్యాయ దంపతులు. తలుపున నంటించిన పదునేడు పనుల కాగితమును కూడ వారికే యిచ్చితిమి; తెలుగు లిపిలో నుండుటచే ప్రతి పంక్తి ప్రక్కన ఇంగ్లీషున వ్రాసి యిచ్చుటకు ఒక సాయంకాలము పట్టెను. ప్రెషరు కుక్కరు మాత్రము తెచ్చుకొంటిమి.

ఇప్పుడు మేము కుమార్తె యింటికి దాపున రెండుగదుల వాటాలో నున్నాము. ప్రతి మూడవ దినము వంట ఆయనదే. ఇందలి లెక్కలుగాని, బండి కొనుట, భీమా మున్నగువానిని గూర్చిగాని ఎవరైన విచారింపదలచినచో భోజనానంతరము పశ్చిమపు వసారాలో మేమిరువురమును కూర్చుండియుందుము; బండినిగూర్చిన ప్రశ్నలు ఆమెను, చారునుగూర్చినవి ఆయనను అడుగవలెను.